అందరికీ గర్భసంచి తీసేశారు కాబట్టి మనకీ తీసేయడం మామూలేనా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 34. ఇద్దరు పిల్లలు, 22 ఏళ్లకే పిల్లల ఆపరేషన్ అయింది. రెండేళ్లుగా నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటోంది, రక్తం గడ్డలు పడుతున్నాయి, నడుము నొప్పి, తెల్లబట్ట. స్కానింగులో 'బల్కీ యుటెరస్' అనీ, నాబోతియన్ సిస్టులనీ, 2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ అనీ రాశారు. రక్తం (హిమోగ్లోబిన్) 8.4. చూసిన డాక్టరు గర్భసంచి తీయించుకోమన్నారు, లేకపోతే ముందు ముందు క్యాన్సర్‌లోకి దించుతుందన్నారు. మీ అమ్మగారికి 38కి, అక్కకి 32కి, ఇద్దరు తోడికోడళ్లకీ తీసేశారు. మీ అత్తగారేమో 'మనింట్లో ఆడవాళ్లకి ఇది మామూలే, భయపడకు' అంటున్నారు. ఇంతా రాసి చివర్లో ఒక్క ముక్క అడిగారు: 'ఇది నార్మలేనా మేడమ్?'

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు ఇచ్చిన వివరాలను బట్టి, తొందరపడి తీయించుకోవాల్సిన కారణం ఏదీ నాకు కనపడలేదు. చేయించాల్సిన పరీక్షలు మిగిలి ఉన్నాయి, వాడి చూడాల్సిన మందులు మిగిలి ఉన్నాయి. మిమ్మల్ని నేను స్వయంగా చూడలేదు కాబట్టి అసలు వద్దే వద్దు అని కూడా అనలేను. ఇంకో గైనకాలజిస్టుకి, వీలైతే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, చూపించుకుని అప్పుడు నిర్ణయం తీసుకోండి. ఆ లోపు రక్తం పెంచుకునే పని ఇవాళే మొదలుపెట్టండి.

ఇక మీరు అడిగిన 'నార్మల్' సంగతి. ముప్పై ఏళ్లకు పైగా కాన్పుల వార్డులోనూ, ఆడవాళ్ల ఓపీలోనూ పనిచేశాను, ఎక్కువ కాలం పల్నాటి వైపే. నా చేతికొచ్చిన కేసుల్లో జబ్బు చేసిన చేటు ఎంతో, 'మామూలే' అన్న మాట చేసిన చేటూ అంతే. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మనం 'మామూలే' అన్నప్పుడు రెండు వేరే వేరే సంగతులు కలిపేస్తాం. చాలామందికి అలాగే ఉంది అన్నది ఒకటి. ఒంటికి ఉండాల్సినట్టే ఉంది అన్నది ఇంకొకటి. రక్తం సంగతే చూడండి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, నూటికి 58, 59 మందికి, రక్తహీనత ఉంది. అంటే లెక్క ప్రకారం మన దగ్గర రక్తం తక్కువగా ఉన్న ఆడమనిషే ఎక్కువ కనిపిస్తుంది. అలాగని తొమ్మిది ఉంటే చాలని ఒళ్లు ఒప్పుకుంటుందా? గర్భవతి కాని ఆడవాళ్లకి 12 ఉండాలి. మీకు 8.4 ఉంది. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి కాళ్లు లాగేయడం, ఊరికే చిరాకు... ఇవన్నీ మీకు కొన్నేళ్లుగా ఉండి ఉంటాయి. వయసు పైబడుతోంది, పని ఎక్కువైంది అనుకుని ఉంటారు. అక్కకీ అంతే, అమ్మకీ అంతే కదా, ఎవరితో పోల్చుకుంటారు?

గర్భసంచిదీ అదే తంతు. అదే సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. ఇది 49 ఏళ్ల లోపు వాళ్ల లెక్క మాత్రమే. గుంటూరు ఆడవాళ్ల గర్భసంచికీ, గౌహతి ఆడవాళ్ల గర్భసంచికీ ఒంట్లో తేడా ఏమీ లేదు. రోగం ఇక్కడ మూడింతలు ఎక్కువగా ఉండి కాదు, తీసేయడం ఇక్కడ అలవాటైపోయింది.

ఈ అలవాటు ఎలా తయారైందో కళ్లారా చూశాను. పద్దెనిమిది నిండీ నిండకుండానే పెళ్లి. ఇరవై ఒకటికి ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుతోనే పిల్లల ఆపరేషన్. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, దేశంలో ఇదే ఎక్కువ. ఇరవై రెండేళ్లకే పిల్లల ముచ్చట అయిపోయిన మనిషికి, ఆ తర్వాత పాతికేళ్ల పాటు నెలనెలా వచ్చే నెలసరి శుద్ధ దండగ అనిపిస్తుంది. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచితో పనేముంది' అన్న మాట ఓపీలో నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. దానికి తోడు మిరపకోతల రోజుల్లో పొలంలో బాత్రూమ్ ఉండదు, గుడ్డ మార్చుకునే చాటు ఉండదు, మానేస్తే కూలి పోతుంది. ఇంట్లో దేవుడి గది వైపు వెళ్లకూడదు, పండక్కి పక్కన కూర్చోవాలి. ఇన్ని తిప్పలు పెట్టేది ఒంట్లోంచి పోతే పీడ విరగడవుతుందనుకోవడంలో ఆ ఆడమనిషి తప్పేమీ లేదు. తిప్పలు పెడుతున్నవి గర్భసంచి చుట్టూ ఉన్నాయి, తీసేస్తున్నది మాత్రం గర్భసంచిని. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఒకామె గురించి చెప్పాలి. వయసు 41. ముంజేయి విరిగి ఎముకల విభాగానికి వచ్చింది, వాళ్లు మా దగ్గరికి పంపారు. పడింది ఎక్కడో ఎత్తు మీంచి కాదు, బిందె దించుతూ గుమ్మంలో జారిందంతే. నల్లటి పాలిథిన్ కవర్లోంచి పాత కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. పధ్నాలుగేళ్ల కిందటి డిశ్చార్జి కాగితం, మడతల దగ్గర చిరిగి ఉంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు అందులో రాసి ఉంది. అప్పుడామెకి 27. ఎందుకు తీశారమ్మా అంటే, 'తెల్లబట్ట అవుతుంటే పుండు పడిందన్నారు. మా వీధిలో నలుగురం ఒకే ఆటోలో వెళ్లాం, నలుగురికీ అదే చెప్పారు' అంది. ఆ మాట ఏ ఫిర్యాదూ లేకుండా అంది, నలుగురూ కలిసి తిరునాళ్లకు వెళ్లొచ్చినట్టు. పధ్నాలుగేళ్లుగా ఒళ్లంతా సెగలు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు. వీటికీ ఆ ఆపరేషన్‌కీ సంబంధం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మిగతా ముగ్గురికీ ఇవే బాధలు ఉన్నాయట, అందుకని ఆపరేషన్ అయినవాళ్లకి ఇది మామూలే అనుకున్నారు.

అండాశయాలు తీసేస్తే 27 ఏళ్ల ఒంటికి ఆ రోజే ముట్లుడిగిపోయినట్టు. మన దేశంలో అది సహజంగా జరిగే వయసు సగటున 46, 47. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ అన్నన్నేళ్ల ముందే పోతే ఎముకల్లో బలం పోతుంది, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా, కొందరిలో ముట్లుడిగే మార్పులు మామూలు కంటే కొన్నేళ్లు ముందుగా వస్తాయి. కాబట్టి మీ అక్కనీ, తోడికోడళ్లనీ ఒక మాట అడగండి: ఆపరేషన్లో అండాశయాలు ఉంచారా, తీశారా? చాలామందికి తెలియనే తెలియదు. డిశ్చార్జి కాగితం చూపించుకుంటే తెలుస్తుంది. చిన్న వయసులో తీసేసి ఉంటే, హార్మోన్ మందులు ఇవ్వదగ్గ మనిషేనా అన్నది డాక్టరు చూస్తారు, ఎముకల పరీక్ష చేయిస్తారు. ఇప్పుడైనా ఆలస్యం కాలేదు.

ఇది మన ఊళ్లలోనే పుట్టిన తప్పు కాదు, వైద్యం చరిత్రలోనే ఉంది. 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బ్యాటీ అనే సర్జను, జబ్బేమీ లేని అండాశయాలను తీసేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. దానికి ఆయన పెట్టిన పేరే 'నార్మల్ ఓవరియాటమీ', అంటే బాగున్న అండాశయాలను తీయడం. నొప్పులకి, మూర్ఛలకి, ఆడవాళ్ల మనసు బాగోలేదన్నదానికి కూడా ఆ ఆపరేషన్ చేశారు. ఇరవై ముప్పై ఏళ్లు జోరుగా సాగి, తర్వాత అదే డాక్టర్ల లోకం దాన్ని తప్పని వదిలేసింది. పెద్ద డిగ్రీలున్నవాళ్లు ఒక తరమంతా చేసిన పని కూడా తప్పై ఉండొచ్చని నేను ఎప్పుడూ గుర్తుపెట్టుకునేది దీనివల్లే.

నా తప్పు కూడా చెప్పాలి. కొత్తగా చేరిన రోజుల్లో కేస్ షీట్ రాసేటప్పుడు 'నెలసరి ఎలా అవుతోందమ్మా' అని అడిగేదాన్ని. 'మామూలుగానే అవుతోందండీ' అనేవాళ్లు. నేను 'నార్మల్' అని రాసేసేదాన్ని. ఒక సాయంత్రం ఒక పెద్ద నర్సు నన్ను పక్కకి పిలిచి, 'ఆవిడ రాత్రికి మూడుసార్లు లేచి గుడ్డ మార్చుకుంటుందట, అడిగారా మేడమ్' అంది. అడగలేదు. ఆమెకి రక్తం ఆరు ఉంది. ఆ రోజు నుంచి నేను 'ఎలా అవుతోంది' అని అడగడం మానేశాను. రోజుకి ఎన్ని మారుస్తున్నారు? రాత్రి లేవాల్సి వస్తోందా? రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నాయా? చీర పాడవుతుందని ఊరికి వెళ్లడం మానుకున్న రోజులున్నాయా? ఇవి అడుగుతాను. మీరూ ఈ లెక్కతోనే చూసుకోండి. 24 నుంచి 38 రోజులకోసారి వచ్చి, ఎనిమిది రోజుల్లోపు తగ్గిపోయి, పనులకు అడ్డం రాకుండా ఉంటే అది ఒంటికి సరిపడ్డ నెలసరి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తుంటే, మీ వీధి మొత్తానికి అలాగే ఉన్నా సరే, అది వైద్యం చేయాల్సిన సంగతి. తొమ్మిది రోజుల దాకా ఉండటం, గడ్డలు పడటం, రక్తం 8.4కి దిగడం చూస్తే మీది రెండో రకం. అంటే మీ బాధ నిజం, దానికి వైద్యం కావాలి, ఆ వైద్యం గర్భసంచి తీయడంతో మొదలవ్వక్కర్లేదు.

ఇప్పుడు మీ స్కానింగ్ కాగితం. ఇందులో ప్రతి మాటా భయం పుట్టించేదే, కానీ ఒక్కొక్కటీ విప్పి చూడండి. 'బల్కీ యుటెరస్' అంటే గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందని. రెండు కాన్పులైన మనిషికి కాస్త పెద్దదిగానే ఉంటుంది. ఒక్కోసారి గర్భసంచి గోడల్లో అడినోమయోసిస్ అనే మార్పు వల్ల కూడా పెరుగుతుంది, మీకు నొప్పి ఎక్కువైతే డాక్టరు ఆ వైపు ఆలోచిస్తారు. నాబోతియన్ సిస్టులు గర్భసంచి మూతి దగ్గరి చిన్న నీటి బుడగలు, వాటివల్ల ఏ హానీ లేదు, వాటికి మందు కూడా అక్కర్లేదు. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచి కండలో పెరిగే గడ్డలు, యాభై ఏళ్లు వచ్చేసరికి సగం మందికి పైగా ఆడవాళ్లలో ఉంటాయి, అవి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. మీ 2 సెంటీమీటర్ల గడ్డ ఎక్కడుందన్నది మాత్రం ముఖ్యం. గర్భసంచి లోపలి పొర వైపుకి పొడుచుకొచ్చి ఉంటే ఎంత చిన్నదైనా ఎక్కువ రక్తం పోయేలా చేస్తుంది. అలాంటిదైతే గర్భసంచిని ఉంచి, కింద నుంచే పరికరం పంపి గడ్డ ఒక్కటే తీయొచ్చు. ఇక 'పుండు' అని మన వైపు అనేదాంట్లో చాలా భాగం, మూతి దగ్గర లోపలి పొర కాస్త బయటికి ఎర్రగా కనపడటం. పిల్లలు పుట్టే వయసులో అది ఎందరికో ఉంటుంది. దాన్ని పుండు అనడంలోనే సగం భయం ఉంది.

క్యాన్సర్ మాటకొస్తే, గర్భసంచి మూతి క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. తెల్లబట్ట అయినవాళ్లందరికీ అది రాదు. భయం ఉంటే చేయించుకోవాల్సింది పరీక్ష. మూతి దగ్గరి కణాలు తీసి చూసే ప్యాప్ స్మియర్ గానీ, హెచ్‌పీవీ పరీక్ష గానీ, లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఎసిటిక్ యాసిడ్ పూసి చూసే వీఐఏ గానీ. అయిదు నిమిషాల పని. 30 దాటిన ప్రతి ఆడమనిషీ చేయించుకోవాల్సినదే. నన్ను బాగా బాధపెట్టే విషయం ఇది: క్యాన్సర్ పేరు చెప్పి ఎందరికో గర్భసంచులు తీసేసిన మన రెండు రాష్ట్రాల్లో, ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు అదే సర్వే నాటికి నూటికి అయిదుగురు కూడా లేరు.

మీ కొత్త డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇవి అడగండి: థైరాయిడ్ చూశారా, మూతి దగ్గరి పరీక్ష చేశారా, గర్భసంచి లోపలి పొర ముక్క తీసి చూడాల్సిన అవసరం ఉందా. మందుల్లో రక్తస్రావం ఉన్న రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది (రక్తనాళాల్లో గడ్డ కట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి). హార్మోన్ మాత్రలు ఉన్నాయి. నాకు అన్నిటికంటే నమ్మకం కుదిరింది హార్మోన్ లూప్ మీద. కాపర్-టీ లాగే లోపల అమరుస్తారు, అయిదేళ్లకు పైనే పనిచేస్తుంది, చాలామందిలో నెలసరి రక్తం బాగా తగ్గిపోతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనపడొచ్చు, ఆ సంగతి ముందే చెప్పకపోతే భయపడి తీయించేసుకుంటారు. రక్తానికి ఐరన్ మాత్రలు ఖాళీ కడుపుతో, కాఫీ టీలకు దూరంగా వేసుకోండి, పడకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు.

ఇంత చెప్పినా, గర్భసంచి తీయడమే సరైన వైద్యమయ్యే సందర్భాలు ఉన్నాయి. క్యాన్సర్ తేలితే, కాన్పులో రక్తం ఆగకపోతే, జారిపోయిన గర్భసంచి బాగా ఇబ్బంది పెడితే, పెద్ద గడ్డలు మందులకు లొంగకపోతే. నేనే వందల ఆపరేషన్లు చేశాను, ప్రాణాలు నిలిచాయి. అందుకే రెండోవైపు కూడా చెప్పాలి. ఒక పెద్దావిడ, 58 ఏళ్లు, ముట్లుడిగి పదేళ్లయింది. మళ్లీ కొంచెం కొంచెం రక్తం కనపడింది. 'ఒంట్లో సత్తువ ఉంది కాబట్టే మళ్లీ వచ్చింది, కొందరికి మామూలే' అని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారట. ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయింది. మా దగ్గరికి వచ్చేసరికి గర్భసంచి క్యాన్సర్ బయటికి పాకింది. ముట్లుడిగాక ఒక్క చుక్క కనపడినా అది మామూలు కాదు, ఆ వారంలోనే చూపించుకోవాలి. 27 ఏళ్ల పిల్లని అనవసరంగా బల్ల ఎక్కించిందీ, 58 ఏళ్ల ఆవిడని అవసరమున్నా ఇంట్లో కూర్చోబెట్టిందీ ఆ ఒక్క మాటే.

రెండో అభిప్రాయం అడిగితే మొదటి డాక్టరు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. అది మీ హక్కు. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద 2013లో ఒక డాక్టరే వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అంటే మీ భయం మీ ఒక్కరిదే కాదు, దేశంలోని అతి పెద్ద కోర్టు దాకా వెళ్లిన సంగతి.

మీ అత్తగారితో వాదనకు దిగకండి. ఆవిడ మీ మేలు కోరే చెబుతున్నారు. ఆవిడకి తెలిసిన ఆడవాళ్లందరి బతుకూ అలాగే గడిచింది. 'అత్తయ్యా, ఆరు నెలలు మందులు వాడి చూస్తాను, తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం' అనండి. ఆరు నెలలంటే పెద్దవాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు. మీ ఆయన్ని కూడా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి, ఆయన కూడా స్వయంగా వింటే ఇంట్లో మళ్లీ మీరొక్కరే అందరికీ చెప్పుకునే పని తప్పుతుంది.

మీరు మధ్యలో ఒక వాక్యం రాసి దాటేశారు: మీ పాపకి 14 ఏళ్లు, నెలసరి మొదటి రెండు రోజులు బడికి వెళ్లదు, 'నాలాగే' అన్నారు. దయచేసి దాన్ని అలా వదిలేయకండి. ఆడపిల్లకి ఎక్కువ రక్తం పోతుంటే, ముక్కులోంచో చిగుళ్లలోంచో కూడా తరచూ రక్తం వస్తుంటే, రక్తం గడ్డకట్టే గుణంలో లోపం ఉందేమో చూడాలి. అలాంటి లోపాలు కొన్ని తల్లి నుంచి బిడ్డకి కూడా వస్తాయి, కాబట్టి పాపని చూపిస్తే మీ సంగతి కూడా తేలొచ్చు. మీరు డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున పాపని కూడా తీసుకెళ్లి హిమోగ్లోబిన్ చేయించండి. ఇద్దరి రిపోర్టులూ వచ్చాక అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.